అమెరికా తొలితరం రైతు కుటుంబాన్ని జనాభా లెక్కల్లో వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన మన ఇళ్లలోకి ఇప్పుడు అక్కడి పాత రైతు కుటుంబాల నుంచి కోడళ్లు, అల్లుళ్లు వస్తున్నారు. మనవలకు బడిలో వంశవృక్షం గీసుకురమ్మంటారు. మన వైపు సంగతులు తాతయ్యకో పెద్దమ్మకో ఫోన్ చేస్తే తెలుస్తాయి. అవతలి వైపు ఆరేడు తరాలు వెనక్కి వెళ్లాలంటే మాత్రం జనాభా లెక్కల కాగితాలే దిక్కు. వాటితో కూర్చున్న వాళ్లందరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న మీదో అది మాత్రం చదువుకున్నా సరిపోతుంది.

## మొదలుపెట్టే ముందు

మా అల్లుడి పూర్వీకులు ఒహాయోలో రైతులని మాత్రమే తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ చివర నుంచి, అంటే మన కాలానికి దగ్గరి లెక్క నుంచి మొదలుపెట్టండి. 1790 నాటి మొదటి జనాభా లెక్కల్లో అదే ఇంటిపేరున్న మనిషి కనబడగానే ఆయనే మూలపురుషుడని పట్టుకుని కిందికి దిగడం చాలామంది చేసే పని. అలా దిగితే వేరే వాళ్ల వంశంలోకి వెళ్లిపోతారు. అమెరికాలో జనాభా లెక్కల్లోని పేర్లను 72 ఏళ్లు గోప్యంగా ఉంచుతారు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి, 1960వి 2032లో వస్తాయి. కాబట్టి 1950లో అల్లుడి తాతగారిని పట్టుకోండి. అక్కడ నుంచి 1940, 1930 అంటూ పదేళ్ల చొప్పున వెనక్కి నడవండి. ఒక్కో మెట్టులో ఇంట్లో ఉన్న అందరి పేర్లు, వయసులు, పుట్టిన రాష్ట్రాలు రాసుకోండి. ఒహాయోకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. అక్కడి 1800, 1810 లెక్కలు వాషింగ్టన్ కౌంటీవి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తప్ప మిగల్లేదు. రాష్ట్రంలో ఎక్కువ భాగానికి దొరికే మొదటి లెక్క 1820దే.

ఈ కాగితాలు ఎక్కడ చూడాలి? డబ్బు కట్టాలా?

చాలావరకు అక్కర్లేదు. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్లో ఖాతా తెరిస్తే ఉచితంగా చూడొచ్చు. 1940, 1950 లెక్కలను నేషనల్ ఆర్కైవ్స్ (అమెరికా ప్రభుత్వ పాత దస్త్రాల భాండాగారం) తన సైట్లోనే ఉచితంగా పెట్టింది. యాన్సెస్ట్రీ లాంటి చందా సైట్లు చాలా పబ్లిక్ లైబ్రరీల్లో అక్కడి కంప్యూటర్ల మీద ఉచితం. ఎక్కడ చూసినా ఒక్క మాట: టైపు చేసిన ఇండెక్స్ (పేర్ల జాబితా) చూసి ఆగిపోకండి, అసలు పేజీ బొమ్మ తెరవండి. పక్కింటివాళ్లు, కొట్టివేతలు, మార్జిన్లో రాతలు ఇండెక్స్‌లోకి రావు.

పుట్టిన కౌంటీ పేరు తెలుసు, కానీ ఆ ఏడాది లెక్కల్లో ఆ కౌంటీయే లేదు. ఎందుకు?

అప్పటికి అది ఏర్పడలేదు కాబట్టి. మన దగ్గర జిల్లాలు విడిపోయినట్టే అక్కడ కౌంటీలు విడిపోతూ వచ్చాయి. అబ్రహాం లింకన్ 1809లో పుట్టిన పొలం ఇప్పుడు కెంటకీలోని లరూ కౌంటీలో ఉంది. లరూ కౌంటీ ఏర్పడింది 1843లో. 1810 లెక్కల్లో ఆ కుటుంబం కోసం చూడాల్సింది హార్డిన్ కౌంటీలో. రాష్ట్రాల సంగతీ అంతే. మెయిన్ 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగం. వెస్ట్ వర్జీనియా 1863లో వర్జీనియా నుంచి విడిపోయింది, కాబట్టి 1850లో అక్కడి రైతు పుట్టిన చోటు 'వర్జీనియా' అనే ఉంటుంది. కుటుంబం కదలకుండా ఒకే పొలంలో ఉన్నా మూడు లెక్కల్లో మూడు కౌంటీల పేర్లు రావచ్చు. షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ పాత కౌంటీ సరిహద్దుల పటాలు తయారు చేసింది. ఏ తేదీన ఏ గీత ఎక్కడుందో అందులో తెలుస్తుంది. వెతకడం మొదలుపెట్టే ముందే అది చూసుకోండి.

ఎన్యూమరేటర్ (ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకునే మనిషి) ఇంటికొచ్చిన తేదీకి, వయసులకు సంబంధం ఉందా?

ఉంది, కానీ అతను వచ్చిన తేదీతో కాదు. ప్రతి లెక్కకూ ఒక అధికారిక రోజు ఉంటుంది. 1790లో ఆగస్టు 2, 1820లో ఆగస్టు 7, 1830 నుంచి 1880 దాకా జూన్ 1. మనిషి ఎప్పుడు వచ్చినా ఆ రోజు నాటికి ఇంట్లో ఎవరున్నారో రాయాలి. 1850 జూలైలో పుట్టిన బిడ్డ అందులో ఉండకూడదు. జూన్ 20న చనిపోయిన తాత మాత్రం ఉండాలి. అందరూ ఈ నియమం పాటించారని కాదు, కానీ వయసులు లెక్కగట్టేటప్పుడు ఆ రోజునే ఆధారం చేసుకోవాలి.

## 1790 నుంచి 1840 దాకా

ఇంటి పెద్ద పేరొక్కటే ఉంది, మిగతాదంతా అంకెలే. ఇందులో మనకు ఏం తెలుస్తుంది?

అనుకున్నదానికంటే చాలా తెలుస్తుంది. 1790లో గడులు తక్కువ: 16 ఏళ్లు, ఆపైన ఉన్న తెల్లజాతి మగవాళ్లు, 16 లోపు మగపిల్లలు, వయసుతో పని లేకుండా ఆడవాళ్లందరూ, ఇతర స్వతంత్రులు, బానిసలు. 1800 నుంచి 1820 దాకా తెల్లజాతి వారిని ఆడా మగా ఇద్దరినీ అయిదు వయసు గడుల్లో వేశారు: 10 లోపు, 10–15, 16–25, 26–44, 45 పైన. 1830, 1840లో ఇంకా సన్నగా చీల్చారు. 20 ఏళ్ల దాకా అయిదేసి ఏళ్లు, ఆ తర్వాత పదేసి ఏళ్ల గడులు. ఒకే కుటుంబాన్ని రెండు మూడు లెక్కల్లో పక్కపక్కన పెడితే ప్రతి మనిషి పుట్టిన ఏళ్ల పరిధి కుంచించుకుపోతుంది. 1810లో 16–25 గడిలో ఉన్న మగవాడు 1784–1794 మధ్య పుట్టాడు. అతనే 1830లో 40–49 గడిలో ఉంటే 1780–1790 మధ్య పుట్టాడు. రెండూ కలిపితే 1784–1790. మూడో లెక్క దొరికితే ఇంకా దగ్గరికి వస్తుంది.

ఆ అంకెలతో కుటుంబాన్ని ఎలా కట్టాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

అబ్రహాం లింకన్ తండ్రి థామస్ లింకన్‌ను తీసుకుందాం. వర్జీనియాలో పుట్టి, కెంటకీ, ఇండియానా, ఇల్లినాయ్ మీదుగా కదులుతూ పోయిన రైతు, వడ్రంగం కూడా చేసేవాడు. ఆ కాలపు మామూలు రైతు కుటుంబానికి మంచి నమూనా. వీళ్ల పుట్టుకలు, చావులు మనకు వేరే ఆధారాల వల్ల తెలుసు కాబట్టి, లెక్కల్లో ఎవరు ఏ గడిలో పడాలో మనమే వేసి చూడొచ్చు.

1810 ఆగస్టు నాటికి థామస్‌కు 32, భార్య నాన్సీ హాంక్స్‌కు 26, కూతురు సారాకు 3, అబ్రహాంకు 1. అంటే 26–44 గడిలో ఒక మగ, ఒక ఆడ. 10 లోపు గడిలో ఒక మగ, ఒక ఆడ.

1816 చివర్లో ఇండియానాకు వెళ్లారు. 1820 ఆగస్టు నాటికి థామస్‌కు 42, మళ్లీ 26–44 గడే. సారా, అబ్రహాం ఇద్దరూ 10–15లోకి వచ్చారు. ఇంటి ఇల్లాలు కూడా 26–44లోనే ఉంటుంది. గడులు మాత్రమే చూసే వాళ్లకు పదేళ్లుగా అదే దంపతులు కాపురం చేస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ నాన్సీ 1818 అక్టోబరు 5న చనిపోయింది. 1820లో ఆ గడిలో పడేది సారా బుష్ జాన్‌స్టన్, అప్పటికి 31 ఏళ్లు. 1819 డిసెంబరు 2న థామస్ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తన మొదటి పెళ్లి పిల్లలు ముగ్గురిని వెంట తీసుకొచ్చింది. నాన్సీ వైపు బంధువు, 21 ఏళ్ల డెన్నిస్ హాంక్స్ కూడా వీళ్లతోనే ఉండేవాడు, అతను 16–25 గడి. ఇన్ని వేర్వేరు బంధుత్వాలున్న ఇల్లు కాగితం మీద ఒక మామూలు పెద్ద సంసారంలా కనిపిస్తుంది.

1830 జూన్‌కు వీళ్లు ఇల్లినాయ్ చేరి మూడు నెలలు కూడా నిండలేదు. అప్పటికి 21 ఏళ్ల అబ్రహాం ఇంకా తండ్రి దగ్గరే ఉన్నాడు. అక్క సారా మాత్రం ఏ గడిలోనూ ఉండదు. పెళ్లయి వెళ్లిపోయిందని మీరు అనుకోవచ్చు. పెళ్లయిన మాట నిజమే, కానీ ఆమె 1828 జనవరిలోనే ప్రసవ సమయంలో చనిపోయింది.

రెండో పెళ్లి రికార్డు దొరికేది కూడా ఇండియానాలో కాదు, కెంటకీలోని హార్డిన్ కౌంటీలో. పిల్లల మధ్య పెద్ద ఎడం కనిపించినా, ఉన్నట్టుండి ఒకే వయసు పిల్లలు ఎక్కువైనా, వెనక వదిలి వచ్చిన కౌంటీలో పెళ్లి రికార్డులు తప్పకుండా తిరగేయండి.

1820 పేజీలో మగవాళ్లను కూడితే ఒకరు ఎక్కువ వస్తున్నారు. ఎన్యూమరేటర్ తప్పా?

చాలాసార్లు తప్పు కాదు. 1820లో 16–18 మగపిల్లలకు విడిగా ఒక గడి పెట్టారు, అదే కుర్రాణ్ని 16–25 గడిలో కూడా లెక్కించారు. కాబట్టి 16–18 గడిని కూడికలో వదిలేయండి. అతని వయసును మూడేళ్ల పరిధిలోకి తెచ్చే సాయం మాత్రం ఆ గడి చేస్తుంది. ఆ ఏడాదే వ్యవసాయం, వాణిజ్యం, చేతిపనుల్లో ఎంతమంది ఉన్నారో మొదటిసారి అడిగారు. ఇంట్లో ఎన్ని చేతులు పొలంలో దిగాయో అక్కడ తెలుస్తుంది.

మా రాష్ట్రానికి 1790 లెక్కే లేదంటున్నారు. నిజమేనా?

డెలావేర్, జార్జియా, కెంటకీ, న్యూజెర్సీ, టెనెస్సీ, వర్జీనియాల 1790 పేజీలు మిగల్లేదు. వర్జీనియాకు బదులు 1782–1785 నాటి రాష్ట్ర జాబితాలను, పన్ను పట్టికలను వాడతారు. కెంటకీకి 1800 కూడా లేదు, న్యూజెర్సీకైతే మిగిలినవి ప్రధానంగా 1830 నుంచే. ఇలాంటి చోట్ల పన్ను పట్టికలే ప్రాణం. అవి పదేళ్లకోసారి కాక ఏటేటా రాసేవి. కొడుకు పన్ను కట్టే వయసుకు రాగానే అతని పేరు కనిపిస్తుంది, తండ్రి పోయాక ఆ స్థానంలో వితంతువు పేరో 'వారసులు' అనో పడుతుంది.

ఇంటి పెద్ద తండ్రి ఎవరో తెలియడం లేదు. ముసలివాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారా?

1840లో రాశారు, అందరివీ కాదు గానీ. విప్లవ యుద్ధంలోనో (అమెరికా స్వాతంత్ర్య యుద్ధం) ఇతర సైనిక సేవలోనో పనిచేసి పింఛను తీసుకుంటున్న వాళ్ల పేరు, వయసు ఆ ఏడాది అడిగారు. ఇది ఎడమవైపు పేజీలో ఉండదు. రెండు పేజీల పట్టికలో కుడివైపు దానిలో ఉంటుంది, అందుకే చాలామంది కంట పడదు. కొడుకు ఇంట్లో ఉంటున్న 80 ఏళ్ల ముసలాయన పేరు అక్కడ దొరికిందంటే పింఛను దస్త్రం కూడా ఉండే అవకాశం ఉంది. అందులో ఆయన ప్రమాణం చేసి చెప్పిన జీవిత కథ, ఒక్కోసారి భార్యాబిడ్డల పేర్లూ ఉంటాయి.

ఆడవాళ్ల పేర్లు అసలు కనిపించడం లేదు. ఏం చెయ్యాలి?

1840 దాకా భర్త పోయి ఇంటి బాధ్యత మీద పడ్డ స్త్రీ పేరే కనిపిస్తుంది. ఒక లెక్కలో మగవాడి పేరుండి, తర్వాతి లెక్కలో దాదాపు అదే చోట అదే ఇంటిపేరుతో ఒక స్త్రీ ఇంటి పెద్దగా ఉంటే, ఈ రెండు లెక్కల మధ్య కాలానికి కోర్టులో ఆస్తి పంపకం కాగితాల కోసం చూడండి. పుట్టింటి పేరు కావాలంటే చుట్టుపక్కల ఇళ్లు చూడండి. రైతు కుర్రాళ్లు ఎక్కువగా దగ్గరి పొలాల వాళ్ల అమ్మాయిలనే చేసుకునేవాళ్లు. పొలం అమ్మిన దస్తావేజుల్లో చాలాచోట్ల భార్య కూడా తన హక్కు వదులుకుంటున్నట్టు ఒప్పుకోవాలి, అక్కడ ఆమె పేరు దొరుకుతుంది. మామగారి వీలునామాలో 'నా కూతురు, ఫలానా వాడి భార్య' అని ఒక్క ముక్క ఉంటే పని పూర్తయినట్టే.

## 1850 నుంచి 1880 దాకా

1850లో అందరి పేర్లూ ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉన్న పిల్లలందరూ ఆ దంపతుల పిల్లలేనా?

అలా అనుకోకండి. 1850లో మొదటిసారి స్వతంత్రులైన ప్రతి ఒక్కరి పేరు, వయసు, పుట్టిన చోటు రాశారు. కానీ ఇంటి పెద్దకు ఏమవుతారో రాయలేదు. బంధుత్వం గడి వచ్చింది 1880లో. ఈ మధ్య మూడు లెక్కల్లో మేనల్లుళ్లు, సవతి పిల్లలు, చనిపోయిన తమ్ముడి పిల్లలు, పాలేరు కుర్రాళ్లు అందరూ ఒకే వరసలో ఉంటారు. వయసుల వరస చూడండి. సాధారణంగా దంపతులు, వాళ్ల పిల్లలు పెద్ద నుంచి చిన్నకు దిగి, తర్వాత మిగతావాళ్లు వస్తారు. ఆ వరస చెడి, చివర్లో మళ్లీ 12 ఏళ్ల పిల్ల కనిపిస్తే ఆమె ఎవరో విడిగా తేల్చుకోవాలి. అదే ఇంటిపేరైనా సరే.

వీళ్లు ఏ రాష్ట్రం నుంచి ఎప్పుడు వచ్చారో తెలుస్తుందా?

పిల్లలు పుట్టిన చోట్లే చెబుతాయి. 1850లో అయోవాలో ఒక ఇల్లు ఉందనుకోండి. 14 ఏళ్ల కొడుకు వర్జీనియాలో, 9 ఏళ్ల కూతురు ఒహాయోలో, 3 ఏళ్ల చిన్నవాడు అయోవాలో పుట్టారని ఉంది. అంటే 1836–1841 మధ్య ఒహాయోకు, 1841–1847 మధ్య అయోవాకు వచ్చారు. 1840 లెక్కల్లో వీళ్ల కోసం రెండు రాష్ట్రాల్లోనూ చూడాలి. పక్కిళ్ల పిల్లలు పుట్టిన చోట్లు కూడా రాసుకోండి. అదే వరుసలో రాష్ట్రాలు కనిపిస్తే ఆ కుటుంబాలు కలిసి ప్రయాణం చేసి ఉండొచ్చు. మీ వాళ్ల పేరు చెరిగిపోయిన చోట ఆ పొరుగువాళ్ల పేరుతో వెతికితే దారి దొరుకుతుంది.

ప్రతి లెక్కలో వయసు మారుతోంది. ఏది నమ్మాలి?

ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మకండి. చెప్పింది ఇంట్లో ఎవరో, ఒక్కోసారి పొరుగువాళ్లో. పెద్దవాళ్ల విషయంలో రెండు మూడేళ్ల తేడా మామూలే. చిన్నపిల్లల వయసు ఎక్కువ నమ్మదగింది, రెండేళ్ల బిడ్డను ఏడేళ్లని ఎవరూ చెప్పరు. కాబట్టి ఆ మనిషి చిన్నప్పటి లెక్కకు ఎక్కువ విలువ ఇవ్వండి.

మేం వెతికేది బానిసత్వంలో మగ్గిన కుటుంబం గురించి. 1870కి ముందు పేర్లే దొరకడం లేదు.

ఇది నిజంగా కష్టమైన దారి. ఆ కష్టం మీ వెతుకులాటలో లోపం వల్ల వచ్చింది కాదు. 1850, 1860లో బానిసల కోసం విడి పట్టికలు పెట్టారు. వాటిలో యజమాని పేరుంటుంది, కింద ఒక్కో మనిషికి వయసు, ఆడా మగా, రంగు మాత్రమే. పేర్లు రాసిన పేజీలు చాలా అరుదు. విముక్తి పొందిన కుటుంబాలన్నీ పేర్లతో కనిపించే మొదటి దేశవ్యాప్త లెక్క 1870ది. అక్కడ మీ కుటుంబాన్ని పట్టుకుని, అదే ప్రాంతంలోని తెల్లజాతి భూస్వాముల పేర్లు రాసుకోండి. ఇంటిపేరు ఒకటే ఉన్న వాళ్లతో ఆగకండి, అందరూ యజమాని ఇంటిపేరు పెట్టుకోలేదు. తర్వాత ఆ భూస్వాముల వీలునామాలు, ఆస్తి జాబితాలు చూడండి. అక్కడ మనుషులను పశువుల పక్కన పేర్లు, ఖరీదులతో రాశారు. చదవడానికి మనసు ఒప్పదు, కానీ తల్లీబిడ్డల పేర్లు కలిసి దొరికే చోటు చాలాసార్లు అదే. విముక్తి పొందినవాళ్లకు సాయం చేయడానికి పెట్టి, 1865–1872 మధ్య పనిచేసిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో దస్త్రాల్లో కూలి ఒప్పందాలు, పెళ్లి నమోదులు ఉన్నాయి.

ఇంకో మాట. మీరు వెతికేది యజమాని కుటుంబాన్నయితే, వాళ్ల పేరు కింద ఉన్న ఆ వయసులను కూడా మీ పట్టికలో రాయండి. ఇంకో కుటుంబం వాళ్ల కోసమే వెతుకుతూ ఉండొచ్చు.

## పొలం లెక్కలు

రైతు అని రాశారు సరే, ఏం పండించాడో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఈ మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన కాగితం ఇదే. 1850 నుంచి 1880 దాకా వ్యవసాయానికి విడి పట్టిక రాశారు. రైతు పేరు పక్కన సాగులోకి వచ్చిన భూమి ఎన్ని ఎకరాలు, రానిది ఎన్ని ఎకరాలు, పొలం ఖరీదు, పనిముట్ల ఖరీదు. ఆపైన గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలు, పాడి ఆవులు, దుక్కి ఎద్దులు, గొర్రెలు, పందులు. గోధుమ, రై, మొక్కజొన్న, ఓట్స్ ఎన్ని బుషెళ్లు (ధాన్యం కొలిచే కొలత), ఉన్ని ఎన్ని పౌండ్లు, వెన్న ఎంత, చీజ్ ఎంత, మేపుల్ చక్కెర, తేనె, పొగాకు, పత్తి బేళ్లు. పశువుల సంఖ్య జూన్ 1 నాటిది, పంట అంతకు ముందు ఏడాదిది.

అంకెలను కలిపి చదవండి. ఎద్దులుండి గుర్రాలు లేకపోతే, సాగులో లేని భూమి చాలా ఎక్కువుంటే, అడవి కొట్టి కొత్తగా పొలం చేస్తున్న ఇల్లయ్యుండొచ్చు. వెన్న వందల పౌండ్లలో ఉంటే అది ఇంట్లో తినడానికి మాత్రమే కాదు, అమ్మకానికి కూడా. ఆ వెన్న చిలికింది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. ఉన్ని ఉండి, ఇంట్లో చేసిన సరుకుల విలువ కూడా రాసి ఉంటే రాట్నం, మగ్గం ఆడుతున్న ఇల్లు అనుకోవచ్చు. పేరు మాత్రమే మిగిలిన మనిషికి ఇక్కడ ఒక రోజువారీ బతుకు కనిపిస్తుంది.

సొంత పొలమా, కౌలుదారా ఎలా తెలుస్తుంది?

1880 వ్యవసాయ పట్టికలో సూటిగా అడిగారు: సొంతమా, డబ్బు కౌలా, పంటలో వాటాకా. అంతకు ముందు సంవత్సరాలకు రెండు కాగితాలు పోల్చాలి. జనాభా పట్టికలో 1850, 1860, 1870లో స్థిరాస్తి విలువ ఉంటుంది, 1860, 1870లో చరాస్తి విలువ కూడా. వ్యవసాయ పట్టికలో 800 డాలర్ల పొలం చూపి, జనాభా పట్టికలో స్థిరాస్తి గడి ఖాళీగా వదిలేస్తే, అతను కౌలుదారో, తండ్రి భూమిని సాగు చేస్తున్న కొడుకో కావచ్చు. తండ్రి పేరు నాలుగిళ్ల అవతల కనిపిస్తుందేమో చూడండి.

జనాభా పట్టికలో రైతు, వ్యవసాయ పట్టికలో లేడు. ఎందుకు?

1850, 1860లో ఏడాదికి 100 డాలర్ల పంట రాని చిన్న పొలాలను వదిలేశారు. 1870లో మూడెకరాల లోపు పొలాలను, 500 డాలర్ల పంట కూడా లేకపోతే, వదిలేశారు. ఇంకో కారణం, కాగితమే లేకపోవచ్చు. ఈ పట్టికలు ఒకచోట లేవు, చాలావరకు ఆయా రాష్ట్రాల ఆర్కైవ్స్‌కో లైబ్రరీలకో పంచేశారు. కొన్ని కౌంటీలవి పోయాయి.

## దొరకనప్పుడు

అక్కడే ఉండాలని తెలుసు, కానీ పేరు కొడితే రావడం లేదు.

పాత చేతిరాత గురించి నాలుగు సంగతులు. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని పొడుగ్గా ఎఫ్ లాగా రాసేవారు, కాబట్టి జెస్సీ ఇండెక్స్‌లో 'జెఫ్సీ' అయి ఉంటుంది. విలియం, థామస్, జేమ్స్ లాంటి పేర్లను రెండు మూడు అక్షరాలకు కుదించేవారు. ముద్దుపేర్లు వాడేవారు: మేరీ పాలీ అవుతుంది, మార్తా పాట్సీ, సారా శాలీ, మార్గరెట్ పెగ్గీ. ఇంటిపేరు చెవికి ఎలా వినబడితే అలా రాసేవారు, లింకన్ అనే పేరు 'లింక్‌హార్న్' అయిన కాగితాలు ఉన్నాయి.

ఇంటిపేరు వదిలేసి, పిల్లవాడి పేరు, వయసు, పుట్టిన రాష్ట్రం, కౌంటీ మాత్రం పెట్టి వెతకండి. అదీ కుదరకపోతే పదేళ్ల ముందు పక్కింట్లో ఉన్నవాళ్ల పేరు వెతికి, వాళ్ల పేజీకి అటూ ఇటూ పది పేజీలు చదవండి. ఒక టౌన్‌షిప్ (కౌంటీలో ఒక భాగం) మొత్తం చదవడం ఒక సాయంత్రం పని, దానికి భయపడకండి. పాత లెక్కల్లో కొన్ని చోట్ల పేర్లను మొదటి అక్షరం ప్రకారం సర్ది మళ్లీ రాశారు. అలాంటి పేజీలో పక్కపక్కన ఉన్నవాళ్లు పొరుగువాళ్లు కారు.

1890 లెక్కలు ఎక్కడా లేవేంటి?

1921 జనవరి 10న వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో మంటలు రేగి వాటిలో పెద్ద భాగం కాలి, తడిసి పాడైంది. మిగిలినవి కూడా 1930లలో నాశనం చేశారు. దేశం మొత్తానికి ఆరువేల పైచిలుకు పేర్లే మిగిలాయి. అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది రాష్ట్రాల పక్షం) తరఫున పోరాడిన సైనికులు, వాళ్ల వితంతువుల విడి జాబితా మాత్రం చాలా రాష్ట్రాలకు ఉంది. 1880లో తల్లిదండ్రుల ఒడిలో ఉన్న బిడ్డ 1900 కల్లా పెళ్లయి వేరే రాష్ట్రంలో ఉంటాడు. ఈ 20 ఏళ్ల ఖాళీలో తెగిపోయే వంశాలు ఎన్నో.

పదేళ్ల మధ్యలో వేరే లెక్కలేమైనా ఉన్నాయా?

చాలా రాష్ట్రాలు సొంతంగా లెక్కలు తీశాయి. న్యూయార్క్ 1855 లెక్కలో ఏ కౌంటీలో పుట్టారో, ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారో ఉంది. కాన్సస్, అయోవా, మిన్నెసోటాల్లో 1885, 1895 లెక్కలు ఉన్నాయి, 1890 లోటు తీర్చడానికి పనికొస్తాయి. అయోవా 1925 లెక్కలో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా అడిగారు. 1850–1880 మధ్య ప్రతి లెక్కతో పాటు అంతకు ముందు పన్నెండు నెలల్లో చనిపోయినవాళ్ల పట్టిక కూడా ఉండేది: పేరు, వయసు, ఏ నెలలో, ఏ కారణంతో. పుట్టి ఏడాది తిరగకుండానే పోయిన బిడ్డకు అదొక్కటే ఆధారం కావచ్చు.

## వీళ్లు మనవాళ్లేనా?

ఒకే కౌంటీలో అదే పేరుతో ఇద్దరు రైతులు. మా పూర్వీకుడు ఎవరు?

ఒకరినే ఎంచుకుని రెండో ఆయన్ను వదిలేయడం కంటే, ఇద్దరి వెంటా నడవండి. ఇద్దరికీ విడివిడిగా పట్టికలు వేయండి: భార్య పేరు, పొరుగువాళ్లు, పొలం ఖరీదు, ఏ వాగు పక్కన భూమి, ఎవరు సాక్షి సంతకం పెట్టారు. పన్ను పట్టికల్లో ఒకే ఏడాది ఇద్దరూ కనిపిస్తారు కాబట్టి ఎకరాల లెక్కతో విడదీయొచ్చు. పేరు పక్కన సీనియర్, జూనియర్ అని ఉందని తండ్రీకొడుకులు అనుకోకండి. ఆ రోజుల్లో అది ఊళ్లో పెద్దవాడు, చిన్నవాడు అని చెప్పడానికే. వాళ్లు బాబాయి, అబ్బాయి కావచ్చు, ఏ బంధుత్వమూ లేని వాళ్లూ కావచ్చు. పెద్దాయన చనిపోగానే నిన్నటి జూనియర్ సీనియర్ అయిపోతాడు.

జనాభా లెక్క ఒక్కటే రుజువుగా సరిపోతుందా?

1850కి ముందు సరిపోదు. ఆ గడులు ఇంటిని చూపిస్తాయి, తండ్రీబిడ్డల బంధాన్ని చూపించవు. దానికి వీలునామా, ఆస్తి పంపకం, పొలం దస్తావేజు, పెళ్లి బాండు (పెళ్లికి ముందు వరుడి వైపు రాసిచ్చే పూచీకత్తు), చర్చి రిజిస్టరు లాంటిది ఇంకొకటి కావాలి. రైతు కుటుంబాలకు భూమి కాగితాలే ఎక్కువ ఉంటాయి. కెంటకీలో చెట్లు, వాగులు గుర్తులుగా కొలిచిన భూమి మీద హక్కు తగాదాలు విపరీతం. థామస్ లింకన్ అక్కడి నుంచి కదలడానికి ఒక కారణం అదే. ఒహాయో నది దాటాక ఇండియానాలో ప్రభుత్వం 640 ఎకరాల సెక్షన్లుగా గళ్లు కొట్టి కొలిచి అమ్మింది. అలా ప్రభుత్వం నుంచి నేరుగా కొన్న భూమి పట్టాలు ఫెడరల్ ల్యాండ్ ఆఫీసు రికార్డుల్లో ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1862 హోంస్టెడ్ చట్టం (స్థిరపడి సాగు చేసేవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చిన చట్టం) కింద 160 ఎకరాల దాకా తీసుకున్న కుటుంబాల దస్త్రాల్లోనైతే ఇల్లు ఎప్పుడు కట్టారు, ఎన్ని ఎకరాలు దున్నారు అన్నది సాక్షులు చెప్పిన మాటల్లోనే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ఎవరో మా వంశవృక్షం పెట్టేశారు. అదే తీసుకోవచ్చా?

ఆనవాలుగా తీసుకోండి, ఆధారంగా కాదు. ప్రతి పేరు పక్కన ఏ లెక్క, ఏ కౌంటీ, ఏ పేజీ అని రాసి ఉందో లేదో చూడండి. పది వృక్షాల్లో ఒకే తండ్రి పేరున్నా, పదిమందీ ఒకరి దగ్గర నుంచే కాపీ చేసి ఉండొచ్చు. మీరు పెట్టేటప్పుడు సంవత్సరం, రాష్ట్రం, కౌంటీ, టౌన్‌షిప్, పేజీ నంబరు రాయండి. ఖాయం కాని బంధుత్వం దగ్గర 'బహుశా' అని పెట్టి, ఎందుకు అనుకుంటున్నారో ఒక వాక్యం చేర్చండి.